కొత్త ల్యాప్‌టాప్, పాత పోర్టులు: సీరియల్, ప్యారలల్ పనులు ఉన్నవారు ఏది ఎంచుకోవాలి?

కొలిమి

అందరికీ నమస్కారం. కర్మాగారాలలో యంత్రాల నిర్వహణ, మరమ్మతు నా వృత్తి. రోజూ వెంట మోసుకెళ్లే ల్యాప్‌టాప్‌కు పదమూడేళ్లు నిండాయి. దాని హింజీలు ఊగుతున్నాయి, బ్యాటరీ పావుగంట కూడా నిలవడం లేదు, పైగా అందులో ఉన్న విండోస్ 7ను ఇక కంపెనీ నెట్‌వర్కులోకి రానివ్వబోమని ఐటీ విభాగంవారు తేల్చి చెప్పారు. కొత్తది కొనడానికి అనుమతి వచ్చింది గానీ, అది విండోస్ 11తోనే ఉండాలన్నది షరతు.

ఆ పాత యంత్రం వెనుకవైపు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంది, డాకింగ్ స్టేషన్‌లో 25 పిన్నుల ప్యారలల్ పోర్టు ఉంది. ఈ రెండింటితోనూ నాకు పని పడుతూనే ఉంటుంది. పాత సీఎన్‌సీ లేత్‌లకు, అంటే కంప్యూటర్ ప్రోగ్రాముతో లోహాన్ని కోసే యంత్రాలకు, ప్రోగ్రాములు పంపడం ఒకటి. ఆ సీరియల్ పోర్టు వాడే ఆర్‌ఎస్‌-232 సంకేతాలను, ఒకే లైను మీద ఎన్నో పరికరాలు కలిసే ఆర్‌ఎస్‌-485గా మార్చే చిన్న కన్వర్టర్ తగిలించి, మోటార్లను నడిపే డ్రైవ్‌లతోనూ మీటర్లతోనూ మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే భాషలో మాట్లాడటం రెండవది. మూడవది అన్నిటికన్నా చిక్కైనది: ఒక పాత కాన్ఫిగరేషన్ సాఫ్ట్‌వేర్ ఉంది, ప్యారలల్ పోర్టుకు డాంగిల్ (లైసెన్సు తాళంగా పనిచేసే చిన్న పరికరం) తగిలించి ఉంటే తప్ప అది తెరుచుకోదు. ఇవి కాక అప్పుడప్పుడు వీజీఏ మానిటర్ కూడా వాడవలసి వస్తుంది.

ఈ రోజుల్లో సీరియల్ పోర్టుతో వచ్చే ల్యాప్‌టాప్‌లు అసలు ఉన్నాయా? లేక మామూలు ల్యాప్‌టాప్ కొని యూఎస్‌బీ కేబుళ్లతో సర్దుకోవచ్చా? నాతో పనిచేసేవారిలో ఒకరు కేబుల్ చక్కగా పనిచేస్తుందంటారు, మరొకరు దాని ఊసెత్తితేనే చిరాకు పడతారు. ఇద్దరూ అనుభవజ్ఞులే కనుక ఎవరి మాట నమ్మాలో తోచక ఇక్కడ అడుగుతున్నాను.

రాత్రిషిఫ్టు

ఇంత ఆలోచించవలసిన పని లేదండీ. ఏదో ఒక యూఎస్‌బీ సీరియల్ కేబుల్ కొనుక్కోండి. పదేళ్లుగా అదే వాడుతున్నాను, ఒక్క రోజూ ఇబ్బంది పెట్టలేదు.

తొమ్మిది_పిన్నులు

కొలిమి గారూ, మీ సహోద్యోగులు ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తేడా కేబుల్‌లో కొంత ఉంటుంది, వారు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ ఉంటుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌కు ఏ పోర్టులు ఉన్నాయని చూసే ముందు, మీ ప్రోగ్రాములు ఆ పోర్టును ఎలా అందుకుంటున్నాయో తెలుసుకోండి.

కొన్ని ప్రోగ్రాములు "నాకు కామ్ 1 (మొదటి సీరియల్ పోర్టు) కావాలి" అని విండోస్‌ను అడుగుతాయి. వాటికి ఆ కామ్ 1 వెనుక మదర్‌బోర్డు మీది చిప్ ఉన్నా, యూఎస్‌బీ కేబుల్ తలలో దాగిన చిప్ ఉన్నా ఒక్కటే. మరికొన్ని, ముఖ్యంగా డాస్ కాలంలో పుట్టినవి, విండోస్‌ను అడగకుండా నేరుగా హార్డ్‌వేర్ చిరునామాకే వెళ్తాయి. కామ్ 1కు హెక్సాడెసిమల్‌లో 3ఎఫ్8, కామ్ 2కు 2ఎఫ్8, మొదటి ప్యారలల్ పోర్టుకు 378 అన్నవి దశాబ్దాలుగా స్థిరపడిపోయిన చిరునామాలు. యూఎస్‌బీ కేబుల్ తగిలించినంత మాత్రాన ఆ చిరునామాలలో ఏ చిప్పూ ప్రత్యక్షం కాదు. ఆ ప్రోగ్రాము ఖాళీ ఇంటి తలుపు కొడుతూ నిలబడుతుంది.

ప్యారలల్ విషయంలో పరిస్థితి ఇంకా కఠినం. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు అని అమ్మే కేబుళ్లలో దాదాపు అన్నీ కంప్యూటర్‌కు తమను ప్రింటర్‌గా పరిచయం చేసుకుంటాయి. వాటితో ప్రింటు తీసుకోవచ్చు. డాంగిల్ మాత్రం ఆ పోర్టులోని ఒక్కొక్క తీగనూ విడిగా పైకీ కిందకీ ఆడించి జవాబు చదువుతుంది కనుక ప్రింటర్ వేషంలో ఉన్న కేబుల్ దానికి పనికిరాదు. మీ డాంగిల్ సాఫ్ట్‌వేర్ ఏ కాలానిది, అది 16 బిట్‌దా 32 బిట్‌దా అన్నది చెప్పగలరా?

మరమగ్గం

రాత్రిషిఫ్టు గారూ, మీరన్న మాటే నేనూ కొన్నాళ్ల క్రితం వరకు అనేవాణ్ణి. ఒక పాత ఫానుక్ కంపెనీ కంట్రోల్ ఉన్న మిల్లింగ్ యంత్రానికి పొడవాటి ప్రోగ్రామును పంపుతూ ఉన్నాను. ఆ ప్రోగ్రాము యంత్రం మెమరీలో పట్టదు కనుక యంత్రం కోస్తూ ఉండగానే వరుసలు ఒక్కొక్కటిగా అందిస్తూ పోవాలి. కొత్త కేబుల్‌తో మొదలుపెట్టిన పదిహేను నిమిషాలకు 087 అలారం వచ్చింది, అంటే వచ్చే డేటాను కాసేపు దాచే బఫర్ పొంగిపోయిందని. మళ్లీ మొదలుపెడితే ఈసారి ఇరవై నిమిషాలకు వచ్చింది. సెట్టింగులన్నీ సరిగ్గానే ఉన్నాయి: 4800 బాడ్, 7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ, 2 స్టాప్ బిట్లు. పాత ల్యాప్‌టాప్ నేరుగా తగిలిస్తే అదే ఫైలు ఏ ఆటంకమూ లేకుండా చివరిదాకా వెళ్లింది.

కారణం తర్వాత అర్థమైంది. యంత్రం బఫర్ నిండబోతున్నప్పుడు ఎక్సాఫ్ అనే అక్షరాన్ని, అంటే హెక్స్ 13ను, కంప్యూటర్‌కు పంపి "ఆగు" అంటుంది. చోటు దొరికాక ఎక్సాన్, అంటే హెక్స్ 11, పంపి "ఇక కానివ్వు" అంటుంది. మదర్‌బోర్డు మీది 16550 సీరియల్ చిప్‌లో పంపే వైపు బఫర్ 16 అక్షరాలు మాత్రమే. ఆగమన్నాక కూడా మహా అయితే ఆ కొద్ది అక్షరాలే బయటికి జారిపోతాయి. యూఎస్‌బీలో అలా కాదు. ఎక్సాఫ్ అక్షరం కేబుల్ నుంచి కంప్యూటర్‌లోని డ్రైవర్ దాకా ప్రయాణించాలి, డ్రైవర్ ఆపేలోగా అప్పటికే కేబుల్ చిప్‌లోకి చేరిన డేటా అంతా యంత్రం మీద కుమ్మరించబడుతుంది. ఎక్సాన్, ఎక్సాఫ్‌లను చిప్‌లోనే గుర్తించి అక్కడికక్కడే ఆపే కేబుళ్లు ఉన్నాయి. ఎఫ్‌టీడీఐ సంస్థ ఎఫ్‌టీ232ఆర్ చిప్ అలాంటిది. అది ఉన్న కేబుల్‌కు మారాక ఆ అలారం మళ్లీ నా కంట పడలేదు.

రాత్రిషిఫ్టు

మీరు చెప్పాక ఆలోచిస్తే నా యంత్రాలన్నిటిలోనూ ప్రోగ్రాములు చిన్నవే, మొత్తం మెమరీలోనే పడతాయి. ఆగు, సాగు అనే అవసరమే రాదు. "ఏదో ఒక కేబుల్" అన్న మాటను వెనక్కు తీసుకుంటున్నాను.

కొలిమి

తొమ్మిది_పిన్నులు గారూ, చూశాను. ప్రోగ్రాము 32 బిట్‌దే, విండోస్ ఎక్స్‌పీ కాలానిది. విండోస్ 7, 32 బిట్ మీద ఇప్పటికీ నడుస్తోంది. అయితే ఒక సహోద్యోగి 64 బిట్ యంత్రంలో దాన్ని ఎక్కించబోతే ఇన్‌స్టాలర్ మొదటి అడుగులోనే మొరాయించిందట.

తొమ్మిది_పిన్నులు

అది ఆ కాలపు ప్రోగ్రాములలో తరచుగా కనిపించేదే. లోపలి ప్రోగ్రాము 32 బిట్‌ది అయినా, దాన్ని చుట్టిన ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది అయి ఉంటుంది. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను నడపదు, విండోస్ 11 అయితే 64 బిట్‌గా మాత్రమే వస్తుంది. ఇన్‌స్టాలర్‌ను దాటవేసి ఫైళ్లను చేత్తో కాపీ చేసుకునే దారులు ఉంటాయి గానీ, అసలు అడ్డంకి డాంగిల్ డ్రైవర్. డ్రైవర్ అన్నది విండోస్ కెర్నెల్‌లో, అంటే దాని అంతర్భాగంలో, కూర్చునేది కనుక 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లోకి ఏ విధంగానూ ఎక్కదు. తయారీదారు 64 బిట్ డ్రైవర్ ఇచ్చారా, డాంగిల్‌ను యూఎస్‌బీ డాంగిల్‌గా మార్చి ఇస్తారా అన్నది ముందు అడగండి. ఆ రెండూ లేకపోతే ఆ పని కొత్త ల్యాప్‌టాప్‌తో జరగదని ఇప్పుడే అనుకోవడం మేలు. కొన్నాక తెలుసుకుంటే ఖర్చూ పోతుంది, మనశ్శాంతీ పోతుంది.

మోడ్‌బస్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆర్‌టీయూలో ఒక సందేశం ముగిసిందని తెలిసేది నిశ్శబ్దం వల్లనే. కనీసం మూడున్నర అక్షరాల కాలం తీగ మీద ఏమీ కదలకపోతే సందేశం పూర్తయినట్టు. ఒక అక్షరానికి 11 బిట్లు చొప్పున 9600 బాడ్ దగ్గర అది సుమారు 4 మిల్లీసెకన్లు. 19200 దాటితే 1.75 మిల్లీసెకన్లుగా స్థిరపరచుకోమని ప్రమాణం చెబుతుంది. ఇక ఎఫ్‌టీడీఐ చిప్‌లు తమకు వచ్చిన అక్షరాలు కొద్దిగానే ఉంటే వెంటనే కంప్యూటర్‌కు ఇవ్వవు. ఇంకొన్ని పోగవుతాయేమోనని మొదట్లో ఉండే అమరిక ప్రకారం 16 మిల్లీసెకన్ల దాకా పట్టి ఉంచుతాయి. దీనిని లేటెన్సీ టైమర్ అంటారు. మీ ల్యాప్‌టాప్ తానే ప్రశ్న అడిగి జవాబు కోసం కాచుకుని ఉండే మాస్టర్ అయితే దీనివల్ల వేగం తగ్గుతుంది తప్ప తప్పులు రావు. కానీ మీరు ఇతర పరికరాల సంభాషణను పక్కన కూర్చుని వింటున్నట్లయితే, రెండు సందేశాలు ఒకే ముద్దగా చేతికి వస్తాయి, మధ్యలోని 4 మిల్లీసెకన్ల నిశ్శబ్దం మాయమైపోతుంది. డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగులలో 16ను 1గా మారిస్తే చాలావరకు నయమవుతుంది.

పాతపెట్టె

అసలు ప్రశ్నకు, అంటే నిజమైన సీరియల్ పోర్టుతో ల్యాప్‌టాప్‌లు ఉన్నాయా అన్నదానికి, జవాబు ఉన్నాయనే. అవి మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్‌ల వరుసలో కనిపించవు, దుమ్ముకూ దెబ్బలకూ తట్టుకునేలా చేసే రగ్డ్ వరుసలో ఉంటాయి. ప్యానసోనిక్ టఫ్‌బుక్ 55, గెటాక్ ఎస్410, గెటాక్ బీ360, డెల్ రగ్డ్ ల్యాప్‌టాప్‌లు ఈ కోవలోవి. వీటిలో చాలావాటికి సీరియల్ పోర్టు అదనపు ఎంపికగా ఉంటుంది, అన్నిటిలోనూ దానంతట అది రాదు. కొనుగోలు పత్రంలో ఆ ఎంపిక స్పష్టంగా రాయించుకోకపోతే, ఆ చోట ఒక ప్లాస్టిక్ మూత బిగించి పంపుతారు. నాకు ఒకసారి అలాగే వచ్చింది. దానిని మార్పించుకోవడానికి రెండు నెలలు పట్టింది.

నేను ఆరేళ్లుగా ఈ రకమే వాడుతున్నాను. బరువు ఎక్కువ, ధర చాలా ఎక్కువ, అదే ధరకు వచ్చే సాధారణ ల్యాప్‌టాప్ కన్నా వేగం తక్కువ. అయినా నిచ్చెన మీద నిలబడి పనిచేసేటప్పుడు పక్కకు వేలాడే కేబుల్ తల లేకపోవడం నాకు ఆ బరువుకు తగిన ప్రతిఫలమే అనిపిస్తుంది.

రెండో దారి థండర్‌బోల్ట్ అనే వేగవంతమైన పోర్టు. పూర్వం ల్యాప్‌టాప్ పక్కన పీసీఎంసీఐఏ స్లాటు, తర్వాత ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాటు ఉండేవి. వాటిలో సీరియల్ కార్డు దోపితే అది యూఎస్‌బీ మీద కాకుండా కంప్యూటర్ అంతర్గత బస్ మీదే కూర్చునేది. ఇప్పుడు ఆ స్థానం థండర్‌బోల్ట్‌ది. బయట చిన్న పెట్టెలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ సీరియల్ కార్డు గానీ ప్యారలల్ కార్డు గానీ పెట్టి తగిలించవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది: చూడటానికి ఒకేలా ఉండే యూఎస్‌బీ-సీ రంధ్రాలన్నీ ఈ పని చేయవు. థండర్‌బోల్ట్ 4లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ తప్పనిసరి, యూఎస్‌బీ4 అని మాత్రమే రాసి ఉన్న ల్యాప్‌టాప్‌లో అది తయారీదారు ఇష్టం.

తొమ్మిది_పిన్నులు

పాతపెట్టె గారు చెప్పినదానికి చిన్న చేర్పు. అలాంటి కార్డుకు కూడా 378 చిరునామా దొరకదు, విండోస్ వేరే చిరునామా కేటాయిస్తుంది. చిరునామాను మార్చుకోనిచ్చే ప్రోగ్రాములకే అది ఉపయోగం.

కొలిమి

మా ఐటీ విభాగంవారి దగ్గర ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న తేలికపాటి ల్యాప్‌టాప్‌లు సిద్ధంగా ఉన్నాయట. బ్యాటరీ రోజంతా వస్తుంది, వెంటనే ఇవ్వగలమంటున్నారు. తీసుకోవచ్చా?

మరమగ్గం

వద్దండీ, మీ పనికి మాత్రం వద్దు. ఆర్మ్ మీది విండోస్ సాధారణ ప్రోగ్రాములను ఎమ్యులేషన్‌తో నడుపుతుంది, అది బాగానే నడుపుతుంది. డ్రైవర్లకు ఆ సౌకర్యం లేదు, ఆర్మ్ కోసమే ప్రత్యేకంగా తయారైన డ్రైవర్ ఉండాలి. సాధారణ సీరియల్ కేబుళ్లలో కొన్నిటికి అది దొరుకుతుంది. పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంట్రోలర్) తయారీదారుల ప్రత్యేక ప్రోగ్రామింగ్ కేబుళ్లు, డాంగిళ్ల విషయంలో ఆశ పెట్టుకోకండి. ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసరే అడగండి.

రాత్రిషిఫ్టు

డ్రైవర్ల మాట వచ్చింది కనుక నా వంతు అనుభవం. నేను ఈ మధ్య విండోస్ 11కు మారినప్పుడు, పాత కేబుళ్లలో ఒకటి డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణంతో కూర్చుంది. దానిలోనిది పీఎల్2303 చిప్ పాత రకం. ఆ రకానికి కొత్త విండోస్‌లలో మద్దతు లేదని దాని తయారీదారే ప్రకటించారు, కేబుల్ చెడిపోలేదు. ఇంకొక పరికరం డ్రైవర్‌ను మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ అడ్డుకుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో అది సాధారణంగా ఆన్ చేసే వస్తుంది. ఐటీ విభాగంవారు దాన్ని ఆపనివ్వరు, ఆపనివ్వకపోవడమూ సబబే. అందుకని కొనేముందు మీ సంచిలోని ప్రతి కేబుల్‌నూ ఎవరిదైనా విండోస్ 11 యంత్రానికి ఒకసారి తగిలించి చూడండి. అరగంట పని.

మరమగ్గం

నకిలీ చిప్‌ల సంగతీ మరవకండి. 2014లో ఎఫ్‌టీడీఐ విడుదల చేసిన డ్రైవర్ నకిలీ చిప్‌లను గుర్తించి వాటి ప్రొడక్ట్ ఐడీని సున్నాగా మార్చేసి, అవి పనిచేయకుండా చేసింది. ఆ కేబుళ్లు కొన్నవారికి అవి నకిలీవని ఆ రోజే తెలిసింది. విమర్శలు రావడంతో ఆ డ్రైవర్‌ను వెనక్కు తీసుకున్నారు. మరీ చవకగా దొరికే కేబుల్ మీద ఏ పేరు అచ్చువేసి ఉన్నా నేను నమ్మను.

పాతపెట్టె

కొలిమి గారూ, మీ ఆర్‌ఎస్‌-485 కన్వర్టర్‌కు విడిగా పవర్ సప్లై ఉందా, లేక పోర్టు నుంచే కరెంటు తీసుకుంటుందా?

కొలిమి

పోర్టు నుంచేనండీ. దానికి వేరే తీగ ఏదీ లేదు.

పాతపెట్టె

అయితే దాన్ని యూఎస్‌బీ కేబుల్ చివర తగిలించే ఆలోచన మానుకోండి. అటువంటివి ఆర్‌టీఎస్, డీటీఆర్ అనే రెండు తీగల మీది వోల్టేజీతో బతుకుతాయి. ఆర్‌ఎస్‌-232 ప్రమాణం ప్రకారం పంపే వైపు 5 నుంచి 15 వోల్టుల మధ్య ఎంత ఉన్నా సరైనదే. పాత పోర్టులలో చాలావి 10 వోల్టుల పైన ఇచ్చేవి, చాలా యూఎస్‌బీ కేబుళ్లు 5, 6 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి. కన్వర్టర్ సగం ప్రాణంతో పనిచేస్తుంది; బల్ల మీద బాగానే ఉండి, పొడవైన లైను మీద పెట్టగానే తప్పులు మొదలవుతాయి. ఇటువంటి లోపం వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. నేరుగా యూఎస్‌బీ నుంచి ఆర్‌ఎస్‌-485కు మార్చే, విద్యుత్ ఐసొలేషన్ (రెండు వైపులనూ విద్యుత్‌పరంగా వేరుచేసే ఏర్పాటు) ఉన్న కన్వర్టర్ తీసుకోండి. పెద్ద డ్రైవ్‌ల క్యాబినెట్‌లో భూమి (ఎర్త్) వోల్టేజీలు అన్నిచోట్లా సమానంగా ఉండవు. ఐసొలేషన్ లేకపోతే ఆ తేడా ల్యాప్‌టాప్ గుండా ప్రవహిస్తుంది. చార్జర్ తగిలించినప్పుడు లింకు తెగిపోయి, తీసేయగానే కుదుటపడితే దోషం సాధారణంగా ఇదే.

తొమ్మిది_పిన్నులు

వీజీఏ గురించి దిగులు వద్దు. హెచ్‌డీఎంఐ నుంచో యూఎస్‌బీ-సీ నుంచో వీజీఏకు మార్చే చిన్న అడాప్టర్ సరిపోతుంది. ఈథర్నెట్ పోర్టు మాత్రం ల్యాప్‌టాప్‌లోనే ఉన్న మోడల్ చూసుకోండి. పీఎల్‌సీలకు ఐపీ చిరునామాలు మార్చి మార్చి పెట్టేటప్పుడు ఆ సుఖం తెలుస్తుంది.

కామ్ సంఖ్యలతో ఒక జాగ్రత్త. సొంత సీరియల్ నంబరు లేని చిప్ ఉన్న కేబుల్‌ను ఒక్కొక్క యూఎస్‌బీ రంధ్రంలో పెట్టినప్పుడల్లా విండోస్ దానికి కొత్త కామ్ సంఖ్య ఇస్తుంది. అలా కొన్నాళ్లకు కామ్ 14 దాకా పోతుంది. కామ్ 4కు మించి చూడలేని పాత ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. డివైస్ మేనేజర్‌లో సంఖ్యను చేత్తో తగ్గించుకోవచ్చు. ఆ సంఖ్య వాడుకలో ఉందని హెచ్చరించినా, ఆ పాత పరికరం ఇప్పుడు తగిలించి లేదని మీకు తెలిస్తే ముందుకు వెళ్లవచ్చు.

కొలిమి

ఆలస్యంగానైనా ఫలితం చెప్పడం ధర్మం. డాంగిల్ తయారీదారును అడిగితే, ఆ ఉత్పత్తిని ఎప్పుడో ఆపేశామని, 64 బిట్ డ్రైవర్ లేదని జవాబు వచ్చింది. దానితో నిర్ణయం తేలికైంది. ఇంటెల్ ప్రాసెసర్, థండర్‌బోల్ట్ 4, ఈథర్నెట్ పోర్టు ఉన్న మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్ తీసుకున్నాను. రగ్డ్ రకం కోసం అడిగాను గానీ ధర చూసి పైవారు ఒప్పుకోలేదు. వారిని తప్పుపట్టలేను, నా పనిలో మూడొంతులకు అది అక్కరలేదు.

పాత ల్యాప్‌టాప్‌ను డాంగిల్ కోసమే ఉంచేశాను. వైఫై ఆపేసి, హార్డ్ డిస్కును పూర్తిగా ఇమేజ్ (యథాతథ నకలు) తీసి రెండు చోట్ల దాచి, అదే ఇమేజ్‌ను కొత్త ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించాను. నెట్‌వర్కులోకి రాని యంత్రంతో తమకు అభ్యంతరం లేదని ఐటీ విభాగంవారు రాసి ఇచ్చారు.

సీఎన్‌సీకి ఎఫ్‌టీ232ఆర్ కేబుల్, మోడ్‌బస్‌కు ఐసొలేషన్ ఉన్న కన్వర్టర్ కొన్నాను. లేటెన్సీ టైమర్ 1కి తగ్గించాక నలభై మీటర్లను వరుసగా చదివే సమయం కంటికి తెలిసేంత తగ్గింది. నాలుగు లేత్‌లలో మూడింటికి ప్రోగ్రాములు చక్కగా వెళుతున్నాయి. నాలుగవది పంపినదంతా తీసుకుంటుంది గానీ, తన నుంచి వెనక్కు ప్రోగ్రాము పంపేటప్పుడు మొదటి రెండు వరుసలు మింగేస్తోంది. పాత ల్యాప్‌టాప్‌తో అలా జరగదు. ఎవరైనా దీన్ని చూశారా?

మరమగ్గం

చూశాను. ఆ యంత్రం కేబుల్‌లో ఆగు, సాగు అని చెప్పుకునే ఆర్‌టీఎస్, సీటీఎస్ తీగలు అటు దాకా ఉన్నాయా, లేక కనెక్టర్‌లోనే ఒకదానికొకటి ముడివేసి వదిలేశారా అన్నది విప్పి చూడండి. తర్వాత కంప్యూటర్‌లో స్వీకరించే ప్రోగ్రామును ముందుగా తెరిచి, అది కాచుకుని ఉన్నదని చూసుకున్నాకే యంత్రంలో పంచ్ బటన్ (ప్రోగ్రామును బయటికి పంపేది) నొక్కండి. ఫలితం ఇక్కడే రాయండి.